ఈగ వాలని నెత్తళ్ళు

పేరమ్మ పొద్దున్నే ఎండుచేపల గంప సర్దుకుంటుంటే ఫోను మోగింది. పదేళ్ళుగా ఆమె దగ్గర చేపలు కొంటున్న అల్లూరు నూర్జాన్.

"పేరమ్మక్కా, నువ్వు నిన్న ఇచ్చిన నెత్తళ్ళు తిని మా మనవరాలు షబానా ఒకటే వాంతులు. ఆస్పత్రిలో చేర్చినాము. బిడ్డ కడుపులోకి ఏదో పురుగుమందు పోయిందంటున్నాడు డాక్టరు. ఏ మందో తెలిస్తే వైద్యం సులువంట. నువ్వేమన్నా కలిపినావా?"

పేరమ్మకు ఒళ్ళు మండింది. "ఏం మాటమే అది! నా చేప మీద ఈగ కూడా వాలదు. మీ ఇంట్లో నూనె చూసుకో పో!" అని ఫోను పెట్టేసింది.

పెట్టేసిందే గాని గంప ఎత్తబుద్ధి కాలేదు. ఈ వానల్లో ఈగ వాలని చేప ఎక్కడైనా ఉంటుందా? చేపలు ఎండుతున్న నాలుగు రోజులూ ఆ మాట వీధి వీధికీ చెప్పి మురిసిపోయింది; నిన్ననే మొదటి గంప అమ్మింది. ఎందుకు వాలడం లేదని ఒక్కసారైనా అనుకుందా? అనుకోలేదు. నలుగురూ పొగుడుతుంటే ఎవరికి పడుతుంది ఆ గోల!

"ఉప్పులో ఏమన్నా ఉండాదేమో అత్తా" అంది కోడలు వనజాక్షి. ఇద్దరూ ఉప్పు నాలుక మీద వేసుకుని చూశారు. మంచిదే. చేప కొడుకు వలలో పడిందే. అదే చేప ఇంట్లో పచ్చిది వండుకుని అందరూ తిన్నారు. ఇక మిగిలింది ఎండబెట్టే చోటు. పేరమ్మ ఇసుక మీద పరిచిన పాత వల ఎత్తింది.

కింద చచ్చిన ఈగలు. ఆవాలు ఒలకబోసినట్టు, పిడికెళ్ళకొద్దీ! వల నుంచి గుప్పుమని మందు కంపు. వనజాక్షి "ఛీ ఛీ!" అంటూ పక్కకు పోయి కక్కుకుంది.

వేటకు పోవడం మానేశాక చేపల దగ్గర కూర్చుని ఈగల్నీ కాకుల్నీ తోలడమే పేరమ్మ మొగుడు చిన్నపోలయ్య పని. పేరమ్మ అతని ముందుకు వల తెచ్చి విసిరింది.

"ఏందయ్యా ఇది?"

"వరికి కొట్టే మందు. నీళ్ళలో కలిపి చిలకరించినా. రొంతే, మూతెడు."

"థూ! మనుషులు తినేదాని మీదా? మొన్న నేను ఎండువి కూరకు తీస్తే వద్దని పచ్చివి వండించినావు. అంటే నీకు తెలుసు! మనం తినకూడదు, ఊరోళ్ళు తినొచ్చునా?"

"కడుక్కోని వండుకుంటారులే అనుకున్నా." ముసలాయన భుజం పట్టుకున్నాడు. "పోయిన నెల గంపకు పురుగు పడితే మూడు దినాలు నా మొహం చూళ్ళేదు నువ్వు. భుజం పట్టేసి చెయ్యి లేవడంలే పేరమ్మా. చెప్తే ఈ పని కూడా వద్దంటారని..."

పేరమ్మకు జాలి కలగలేదు. కట్టుకున్నవాడిని చూస్తే అసహ్యం వేసింది. "సీసా ఏది?" అని అరిచింది. అతను పాక చూరులోంచి తీసిచ్చాడు. వనజాక్షి దాని మీది పేరు ఫోనులో నూర్జాన్‌కు రెండుసార్లు చదివి వినిపించింది.

మొగుడూ పెళ్ళామూ ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. షబానా కళ్ళు తెరిచింది. "మందు పేరు తెలియబట్టి గండం గడిచింది" అన్నాడు డాక్టరు.

"మందు కొట్టింది నేనమ్మా" అన్నాడు చిన్నపోలయ్య, నూర్జాన్ ముందు తలవంచుకుని.

"పొద్దున నిన్ను తిట్టింది నేను" అంది పేరమ్మ.

నూర్జాన్ షబానా దుప్పటి సర్దింది. "నిజం చెప్పినారు, బిడ్డ దక్కింది. కానీ అక్కా, మీ చేప ఇంక నా గొంతు దిగదు" అని మొహం తిప్పుకుంది. పేరమ్మ ఆమె ఎదుట ఏడవలేకపోయింది. గేటు దాటాక భోరుమంది.

నిన్న అల్లూరులో కొన్నవాళ్ళు ఇంకా పన్నెండు ఇళ్ళవాళ్ళున్నారు. మొదటి ఇంట్లో పొట్లం కట్టిన నెత్తళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నపోలయ్య సంగతి చెప్పగానే ఆ ఇల్లాలు పొట్లం అతని కాళ్ళ మీద విసిరికొట్టి ఉమ్మేసింది. అతను వంగి ఒక్కొక్క చేపా ఏరుతున్నాడు. ఒక చేప కూడా వదలడం లేదు.

చూసి చూసి పేరమ్మ కూడా పక్కన కూర్చుని ఏరింది. అసహ్యం పోలేదు. అయినా లేచేటప్పుడు అతనికి చెయ్యి అందించింది.

"పద. ఇంకా పదకొండు ఇళ్ళుండాయి."