పక్కవాద్యం

ముప్పై ఏళ్లు దుర్గాదేవిగారి కచేరీల్లో పక్కన కూర్చుని వయొలిన్ వాయించాను. ఆవిడ ఒక వరస పాడతారు, దాన్నే నేను వెనక పలికిస్తాను. చప్పట్లు ఆవిడకి, కాఫీ ఇద్దరికీ. ఆవిడ పోయాక చోడవరంలో పిల్లలకి సరళీ స్వరాలు చెప్పుకుంటూ, మోకాళ్లకి నూనె రాసుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాను. నిజంగా అలసిపోయాను. అయినా నాదంటూ ఒక్కటి మిగలాలని గుట్టుగా ఒక వర్ణం కట్టుకున్నాను. రేపు అనకాపల్లిలో కచేరీ. మొదటిసారి నేనొక్కడినే వాయిస్తాను.

సాయంత్రం కరెంటు పోయింది. పొలాల వైపు నుంచి బెల్లం పాకం వాసన కమ్మగా వస్తోంది. నా శిష్యురాలు ఝాన్సీ బ్యాంకు నుంచి నేరుగా వచ్చి కూర్చుంది. దానికే ముందు వినిపిద్దామని మొదలుపెట్టాను.

కాసేపటికి ఝాన్సీ నన్ను ఆపేసింది. "మాస్టారూ, ఏటి మద్దిమద్దిలో గ్యాప్ ఇస్తన్నారు?"

"ఇచ్చానా?"

"ఎవులో పాడతంటే ఇని, అప్పుడు వాయిస్తన్నట్టుంది."

నా మీద నాకే ఒళ్లు మండింది. పోయినావిడకి కూడా చోటు వదులుతున్నానన్నమాట. ఫోనులో రికార్డింగ్ పెట్టమని, మళ్లీ ఎత్తుకున్నాను.

చీకటి చిక్కబడింది. పాకం వాసన తగ్గిపోయింది. దాని బదులు... లవంగం వాసన. పాడేముందు దుర్గాదేవిగారు బుగ్గన పెట్టుకునే లవంగం.

"ఎవులైనా వచ్చేరా మాస్టారూ?" ఝాన్సీ గుసగుసగా అడిగింది.

"మాటాడకు."

భయం వేసింది. ఆపలేదు. ఆపితే ఆవిడ అందుకుంటారు... ఎక్కడా ఖాళీ ఇవ్వలేదు. ఊపిరి బిగబట్టి చివరిదాకా వాయించేశాను.

కళ్లు నిండాయి. ఇన్నాళ్లకి ఒక్కటి నాదైంది.

"ఇప్పుడు బాగొచ్చింది మాస్టారూ. ఎక్కడా ఆగలేదు," అంటూ ఝాన్సీ రికార్డింగ్ వినిపించింది.

దుర్గాదేవిగారి గొంతు.

ఈ సాయంత్రం దాకా నేనెవరికీ వినిపించని వర్ణాన్ని తీరుబడిగా పాడుతున్నారు. ఒక్కో వరస పాడి ఆగుతున్నారు, నాకు చోటిచ్చి. ఆ చోట్లలో ఝాన్సీ గాజుల చప్పుడు ఉంది. వీధిలో ఆటో హారన్ ఉంది.

వయొలిన్ ఎక్కడా లేదు.

"మీరు వాయించేరు కదా... నేను ఇన్నాను కదా మాస్టారూ..." ఝాన్సీ ఏడుస్తోంది.

నా వేళ్ల మీద తీగల గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.