మూడో నెల గొలుసు

ఆ ఉదయం గాలి మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీచింది. ఫిల్టరులో కాఫీ ఇంకా పూర్తిగా దిగనే లేదు. పుష్పవల్లి ఒకసారి ముక్కు ఎగబీల్చి, పిండి చేత్తోనే వంటింటి కిటికీ మూసేసింది.

"లక్ష్మీ, మిద్దె మీద ఆరేసినవి తీసుకొచ్చేయ్ మా. గాలి తిరిగింది."

లక్ష్మీప్రియ అత్త మాటకు పరుగున మిద్దె ఎక్కింది. పెళ్లయి మూడో నెల నడుస్తున్నా, తొండియార్‌పేటలోని ఈ ఇంట్లో ఆమెకు అన్నీ కొత్తగానే ఉన్నాయి. తీగ మీద తన చీర పక్కన భర్త శ్యామ్ చొక్కా ఆరుతూ కనిపించినా చాలు, నవ్వొచ్చేస్తుంది. దూరంగా హార్బరుకు పోయే కంటైనరు లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలిలో కుళ్లిన గుడ్డు వాసన, దాని వెనకే కిరసనాయిలు లాంటిదింకేదో. బట్టలు గుండెకు హత్తుకుని, ఆ వాసన దేనిదై ఉంటుందా అని కాసేపు అక్కడే నిలబడిపోయింది. బీఎస్సీ కెమిస్ట్రీలో చదివిన పేర్లు కొన్ని గుర్తొచ్చాయి. ఏదీ నిశ్చయంగా చెప్పలేకపోయింది.

కిందికి వచ్చేసరికి మామ ఆదికేశవులు పేపరు విప్పుకుని కూర్చున్నాడు. హార్బరులో క్రేను నడిపి రిటైరయిన మనిషి. ఇంట్లో ఏది జరిగినా పైనుంచి చూస్తున్నట్టే మాట్లాడతాడు.

"శుక్రవారానికి కుర్చీలు చెప్పాల గదా పుష్పా?"

"ఆడోళ్ళకి కుర్చీలెందుకు, చాపలు చాలు. మగోళ్ళు ఈడ ఉండకూడదు. మీరూ మీ కొడుకూ బీచికి పోయి సెనగల సుండలు తినండి."

"తల్లీ, విన్నావా? మా ఇంట్లో శుభకార్యం, మాకు సుండలు!"

లక్ష్మీప్రియ నవ్వింది గానీ ఆ నవ్వు నిలబడలేదు. శుక్రవారం ఆమెకు తాళి మార్చే వేడుక. పెళ్లిలో కట్టిన పసుపుతాడు తీసి, తాళిబొట్లను బంగారు గొలుసులో కూర్చడం. తరతరాలుగా మద్రాసులోనే ఉండిపోయిన ఈ తెలుగు కుటుంబాల్లో అది మూడో నెలలో జరగాల్సిందే, గొలుసు అత్తింటివాళ్లు పెట్టాల్సిందే. పుష్పవల్లి ఇడ్లీ పిండి రుబ్బి వీధి వీధంతా అమ్ముతుంది. ఆ వచ్చినదాంట్లోంచి నెలనెలా నగల అంగడిలో చీటీ కట్టింది. కొడుక్కి సంబంధాలు చూడకముందే కోడలి గొలుసుకు చీటీ మొదలైందని ఆదికేశవులు అందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

ఆ శుక్రవారం దాటిన బుధవారమే లక్ష్మీప్రియ ఫీజుకు ఆఖరి రోజు.

ఆమెకు పర్యావరణ రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు పుష్పవల్లే కేసరి చేసి ఇరుగుపొరుగుకు పంచింది. కానీ వచ్చింది సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. బ్యాంకులో లోను ఇస్తామన్నారు, మొదటి సెమిస్టరు కట్టిన రసీదు తెమ్మన్నారు. లక్ష్మీప్రియ తండ్రి శివరామ్ ఆ మొదటిది తాను కడతానన్నాడు. పుష్పవల్లి ఒప్పుకోలేదు.

"మా ఇంటికొచ్చినాక నీ చదువు మాది. మీ నాయన దగ్గర చేయి చాపితే నాకు తలకొట్టేసినట్టుంటది. ఈసారికి గొలుసు కానీ. వచ్చే సంవత్సరం నేనే చేర్పిస్తా."

వచ్చే సంవత్సరం సీటు వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? బుధవారం దాటితే ఇది వెనక వరుసలో కాచుకుని ఉన్నవాళ్లకు పోతుంది.

ఆ సాయంత్రం శ్యామ్ అంబత్తూరులో షిఫ్టు ముగించుకుని వచ్చాడు. బీచికి వెళ్లొస్తామని చెప్పి ఇద్దరూ బండెక్కారు. ఇంట్లో వాళ్ల ముందు 'ఏమండీ' అని పిలిచే మొగుణ్ణి వీధి మలుపు తిరగ్గానే 'శ్యామ్' అని పిలవడం ఆమెకు ఎంతో సరదా. ఆ రోజు ఆ సరదా కూడా మరిచిపోయింది.

"నాకు గొలుసు ఇప్పుడే ఎందుకు శ్యామ్? నువ్వు కట్టింది ఈ తాడే కదా. నాకిదే ఇష్టం. ఆ చీటీ డబ్బుతో ఫీజు కట్టేద్దాం."

"నాకూ సరే. అమ్మతో ఎవరు చెప్పేది?"

"నువ్వే."

"నేనా? నువ్వు చెప్తే వింటది లక్ష్మీ."

"పెళ్లికి ముందు ఏదొచ్చినా నేను చూసుకుంటానన్నావు."

"పెళ్లికి ముందు అందరూ అంటారు పా."

చివరికి ఇద్దరూ ధైర్యం చేయలేక, ముందు అంగడిలో అడిగి చూద్దామనుకున్నారు. డబ్బు చేతికొస్తుందని తెలిస్తే అమ్మకు చెప్పడం తేలికని శ్యామ్ ఆలోచన. నగల అంగడి జనార్దనం వాళ్లను చూడగానే లేచి నిలబడ్డాడు.

"చీటీ తీసేస్తే డబ్బిస్తారా సార్?" అన్నాడు శ్యామ్, గొంతు తగ్గించి.

"డబ్బెట్లా ఇస్తాం తంబీ? మా చీటీలో వచ్చేది బంగారమే. అయినా మీ అమ్మ నగ ఎంచి పెట్టేసింది గదా!" జనార్దనం ఎర్రడబ్బా తెరిచి ముందు పెట్టాడు. "ఈ కొక్కి చూడండి. బస్సులో కాలేజీకి పోయే పిల్ల, తోపులాటలో ఊడిపోకూడదని మళ్లీ మళ్లీ మార్పించింది."

లక్ష్మీప్రియ ఆ కొక్కెం వైపే చూస్తూ ఉండిపోయింది. బస్సులో కాలేజీకి పోయే పిల్ల. తనను ఈ ఏడు చదివించనంటున్న మనిషి అలా ఎలా అనగలిగింది? ఇద్దరూ బీచికి వెళ్లకుండానే ఇల్లు చేరారు.

మరునాటి పొద్దున పుష్పవల్లి దోసెపెనం మీద గరిటె కాస్త గట్టిగానే తిప్పుతోంది.

"నిన్న బీచిలో గాలి బాగా వీచిందా?"

"ఊఁ, బాగుందమ్మా," అన్నాడు శ్యామ్, దోసె తుంచుతూ.

"నగలంగడిలో ఇంకా బాగుంటది. ఏసీ వేసుంటారు గదా."

శ్యామ్ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆదికేశవులు పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.

"జనార్దనం ఫోన్ చేసినాడు. 'ఏం పుష్పమ్మా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా, పిల్లలొచ్చి చీటీ తీస్తామంటున్నారు' అన్నాడు. నాకు భూమిలోకి పోదామా అనిపించింది. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నాను గదరా, నన్నడిగితే కొరుకుతానా?"

"అమ్మా, అది..."

"నువ్వు దోసె తిను."

లక్ష్మీప్రియ చేతులు కొంగులో చుట్టుకుంది. "తప్పు నాదే అత్తా. మీకు చెప్పకుండా పోయుండకూడదు. కానీ నాకు గొలుసు వద్దు. ఈ తాడు చాలు."

పెనం మీద దోసె మాడుతున్నా పుష్పవల్లి కదల్లేదు.

"తాడు చాలా? మూడు నెలలు కట్టిన తాడు అందంగానే ఉంటది మా. ఏళ్ల తరబడి కట్టి చూడు. ఈ ఊరి చెమటకి నాని, మెడంతా దురద. ఉన్న రవికలన్నీ పసుపే. అది కూడా పోనీ. పంపు దగ్గర బిందె పెడితే చాలు, 'ఇన్నుమా కయిరు?' అంటారు. ఇంకా తాడేనా అని. పెళ్లికి పోతే అదే మాట, సీమంతానికి పోతే అదే మాట. మా అత్త మూడో నెలలో పెడతానన్న గొలుసు, వీడు బళ్లో చేరినాక వచ్చింది. ఆ దినమే అనుకున్నా, నా ఇంటికొచ్చే పిల్లని ఆ మాట ఒక్కరు కూడా అడక్కూడదని. నువ్వేమో సులభంగా, తాడు చాలంటావు."

మాడిన దోసె పెనం మీంచి గీకేసింది. ఆదికేశవులు పేపరు దించాడు. "పుష్పా, అప్పుడు నా జీతం..."

"మిమ్మల్ని ఎవరేమన్నారు? పేపరు చదవండి."

మగవాళ్లిద్దరూ ఎవరి దారిన వాళ్లు బయటికి జారుకున్నారు. ఇంట్లో గ్రైండరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. లక్ష్మీప్రియ కళ్లు తుడుచుకుని వచ్చి అత్త పక్కన పీట వేసుకుంది. నానిన మినప్పప్పు కొంచెం కొంచెంగా గ్రైండరులో వేయడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తన ఆనందాలు తను ఏరుకుంటూ తిరిగింది. అత్త మెడలోని గొలుసు వెనక ఇంత కథ ఉందని ఏనాడూ అడగలేదు.

"శుక్రవారం గొలుసు వేసుకుంటా అత్తా," అంది మెల్లగా. "నా కోసం కొక్కి కూడా చూసి పెట్టారు. చదువు వచ్చే సంవత్సరం చూద్దాం."

పుష్పవల్లి గ్రైండరులో నీళ్లు చిలకరించింది. కాసేపటికి గాలి మళ్లీ తిరిగింది. లేచి కిటికీ మూసి వచ్చి, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ చదువులో ఏం చెప్తారు?"

"గాలిలో, నీళ్లలో ఏం కలిసిందో కనిపెట్టడం."

"అంటే ఈ వాసన కూడానా?"

"ఇది కూడా."

"అయితే చెప్పు, ఇదేంది?"

లక్ష్మీప్రియ మూసిన కిటికీ వైపు చూసింది. "గంధకం కలిసిందేదో అనిపిస్తోంది అత్తా. కానీ నాకు తెలీదు. దాన్ని పట్టి, కొలిచి, ఇదీ అని చెప్పడం నేర్చుకోవాల."

పుష్పవల్లి గ్రైండరులో పిండి చేత్తో తోసింది. "శ్యామ్ చిన్నప్పుడు ఈ గాలి వచ్చిందంటే దగ్గి దగ్గి సొమ్మసిల్లిపోయేవాడు. ఇదేం గాలని డాక్టర్ని అడిగినా. కిటికీ మూసుకోండమ్మా అన్నాడు. అంతే. అప్పటినించి మూస్తానే ఉన్నా." గ్రైండరు ఆపింది. "వచ్చే సంవత్సరం ఈ సీటే ఇస్తారా?"

"చెప్పలేం అత్తా."

పుష్పవల్లి చేతులు కడుక్కుంది. చీర మార్చుకుని, ఎక్కడికన్నది చెప్పకుండా సంచీ పట్టుకుని బయటికి వెళ్లింది.

శుక్రవారం ఉదయం హాలు నిండా చాపలు, మల్లెపూల వాసన. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. ఎదురింటి చెల్లమ్మ అందరికంటే ముందొచ్చి, తాంబూలం తట్ట పక్కనే కూర్చుంది. తట్టలో పసుపు, కుంకుమ, పువ్వుల మధ్య ఎర్రడబ్బా.

"ముందు గొలుసు చూడండి," అంది పుష్పవల్లి. "దూరం నించి కాదు, చేతిలోకి తీసుకోండి. చెల్లమ్మా, ఆ కొక్కి చూడు."

గొలుసు చేతులు మారింది. అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ మెడకు ఆనించి చూసుకుంది కూడా. అది మళ్లీ తట్టలోకి వచ్చాక పుష్పవల్లి కోడల్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. మెడ ఖాళీగా ఉండకూడదని పసుపుకొమ్ము కట్టిన తాడు ముందు వేసి, పాత తాడు తీసింది. లక్ష్మీప్రియ కళ్లు మూసుకుని, మెడకు చల్లటి బంగారం తగలడం కోసం ఎదురుచూసింది.

తగిలింది తడి నూలు. పచ్చి పసుపు వాసన.

కళ్లు తెరిచింది. తాళిబొట్లు రెండూ కొత్త పసుపుతాడుకే ఉన్నాయి. "అత్తా?"

"ఎన్న పుష్పా ఇదు, ఏందిది?" చెల్లమ్మ చాప మీదే ముందుకు జరిగింది. "గొలుసు తట్టలో పెట్టి, మెళ్లో మళ్లీ కయిరా?"

"గొలుసు సోమవారం బ్యాంకుకి పోతాది," అంది పుష్పవల్లి, అందరికీ వినబడేలా. "కుదువ పెట్టి నా కోడలి ఫీజు కడతాం. శుక్రవారం బంగారం గడప దాటకూడదు గదా, అందుకని ఈడుంది. చదువయ్యి ఉద్యోగం వచ్చినాక తన గొలుసు తనే విడిపించుకుంటది. ఇప్పుడంతా చూసినారు గదా? పెట్టలేదని ఎవరూ అనబోకండి."

"అది సరే. అన్నాళ్లూ ఆ పిల్లని నలుగురూ అడుగుతారే పుష్పా..."

"అడుగుతారు. నాకు తెలీదా?" పుష్పవల్లి తన మెడలోని గొలుసు బయటికి తీసింది. "ఆ రెండో పసుపుకొమ్ము ఇట్లా ఇయ్యి చెల్లమ్మా. బ్యాంకులో అడిగితే ఒక గొలుసు చాలదన్నారు. నాది కూడా పెడతా. ఇకమీదట 'ఇంకా తాడేనా' అని అడగాలంటే ఇద్దర్నీ అడగాల. ముందు నన్నే అడగమను. నాకు ఆ మాట అలవాటే."

చాలా ఏళ్ల క్రితం పంపు దగ్గర ఆ మాట అడిగినవాళ్లలో చెల్లమ్మ కూడా ఉంది. ఆమె తల దించుకుని పసుపుకొమ్ము అందుకుంది. "కిట్ట వా," అని పుష్పవల్లిని దగ్గరికి లాక్కుంది. తానే తాడు వేసి, తానే గొలుసు విప్పి, బొట్లు కూర్చి ముడి వేసింది. ముడి బిగిస్తుంటే ఆమె ముక్కు ఎగబీల్చడం అందరికీ వినిపించింది.

లక్ష్మీప్రియ అత్త ఒడిలో తల పెట్టేసింది.

"లే మా, జడలో పూలు నలిగిపోతాయి," అంది పుష్పవల్లి. చేత్తో మాత్రం ఆ తలను అలాగే పట్టుకుంది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక మగవాళ్లు సుండలు పొట్లాలతో వచ్చారు. శ్యామ్ సంగతంతా విన్నాడు. వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. ఆదికేశవులు గుమ్మంలోనే ఆగి, భార్య మెడ వైపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"నేను కట్టిన దినం ఇట్లానే ఉన్నావు పుష్పా."

"చాల్లేండి, కోడలుంది ఈడ. సుండలు చల్లారిపోతాది."

అప్పుడే గాలి తిరిగింది. మల్లెల వాసన మీదికి ఆ పాత వాసన నెమ్మదిగా వచ్చి పడింది. లక్ష్మీప్రియ అలవాటుగా కిటికీ దగ్గరికి పరుగెత్తి, రెక్క మీద చేయి వేసింది.

"ఉండు," అంది పుష్పవల్లి. లేచి వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఇద్దరి మెడల్లో తాళ్లు ఇంకా తడిగా, ఒకటే పసుపుగా ఉన్నాయి. "ఎప్పుడొచ్చింది, ఎట్లుంది, ముందు పుస్తకంలో రాసుకో మా. నీ చదువుకి పనికొస్తది. రాసినాక మూద్దాం."