గద్దకు కత్తెక్కడిది?

ముప్పై ఎనిమిదేళ్ల మగవాడి పరువు తీయడానికి తుపాను అక్కర్లేదు. ఒక రొట్టె పొట్లం చాలు.

ఆ ఉదయం ఐలిఫ్ పడవ అంచు మీద ఒక కాలు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, రేవు గట్టు మీద నిలబడ్డ కొత్త మనిషితో కాస్త గొంతు పెంచే మాట్లాడుతున్నాడు. తన పడవ చేపలు పట్టడానికి గాని పిట్టల్ని చూసేవాళ్లను ఊరేగించడానికి కాదన్నాడు. గాలీ కెరటం తెలిసిన మగవాడికి సవాలక్ష పనులుంటాయన్నాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. పేరు ఓడ్నీ. పక్షుల సంఘం పంపితే ఈ నార్వే దీవికి వచ్చింది. రేవుకు ఎదురుగా సముద్రంలో ఉన్న రాతిదిబ్బ మీద తెల్లతోక గద్దల గూడు ఉంది. అందులోని పిల్ల ఎగరడమైతే నేర్చింది, తిండికి మాత్రం ఇంకా తల్లిదండ్రుల మీదే పడి ఉంది. అది తనంతట తాను వేటాడి తినేదాకా కనిపెట్టి చూడాలి. ఆ తర్వాత ఆవిడ దారి ఆవిడది.

ఐలిఫ్ ఇంకా ఏదో గంభీరంగా అనబోయాడు. గట్టు పైన పసుపుపచ్చ ఇంటి కిటికీ తెరుచుకుంది.

"ఒరేయ్ ఐలిఫ్, రొట్టె మర్చిపోయావు. తడి మేజోళ్లతోనే వెళ్లిపోయావా ఏం?"

అది అతని తల్లి బోర్గిల్డ్ గొంతు. పొగమంచులో దారి తప్పిన పడవలు పూర్వం ఆ గొంతును పట్టుకునే రేవు చేరేవని అనుకునేవారు. రేవంతా విన్నది. గట్టు మీద సీగల్ పిట్టలు కూడా ఒక్క క్షణం నోళ్లు మూసుకున్నాయి.

ఓడ్నీ కిటికీ వైపు చూసింది, అతని మేజోళ్ల వైపు చూసింది.

"నేను చూడాల్సిన పిల్ల దిబ్బ మీద ఉందన్నారే," అంది.

ఆవిడను ఆ రోజు పడవ ఎక్కించుకున్నది మర్యాద కొద్దీ కాదు. ఇంకాసేపు అక్కడే నిలబడితే తల్లి పొడి మేజోళ్లు పట్టుకుని గట్టు దిగి వచ్చేస్తుందని.

అలా మొదలైన రాకపోకలు ఆగస్టు నెలంతా సాగాయి. పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం. ఐలిఫ్ బడిలో ఎన్నాళ్లో కూర్చోలేదు, అందుకేనేమో తెలియని విషయం ఉందని ఒప్పుకోవడం అతనికి చేతకాదు. గద్దల గురించి నోటికొచ్చింది చెప్పేవాడు. తండ్రి గద్దే పెద్దదన్నాడు. కాదు, తల్లే పెద్దది అంది ఓడ్నీ. మా దీవిలోనూ అంతేలెండి, అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోసం తర్వాత మూడు రోజులపాటు అతను అబద్ధాలు వెతుక్కున్నాడు.

దిబ్బ మీద చెక్కగుడిసెలో ఒకటే బల్ల. వాన వచ్చిన రోజుల్లో ఐలిఫ్ తిరిగి వెళ్లకుండా అక్కడే కూర్చునేవాడు. కప్పు ఎడమవైపు కారుతుంది కాబట్టి ఇద్దరూ కుడివైపుకు జరిగేవాళ్లు. ఆ కారే చోటును ఐదు నిమిషాల్లో పూడ్చేయగలడు అతను. పూడ్చలేదు. ఒక రోజు సెంటు పూసుకుని వెళ్లాడు. ఓడ్నీ చాలాసేపు ముక్కు ఎగబీల్చి, దగ్గర్లో ఏదో చచ్చినట్టుంది, పూలతోటలో, అంది. మర్నాటి నుంచి ఉత్త చేపల వాసనతోనే వెళ్లాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది ఆ వారంలోనే.

సెప్టెంబరు చివరికి పెద్ద గద్దలు తిండి పెట్టడం మానేశాయి. పిల్ల రాయి మీద కూర్చుని పొద్దస్తమానం అరిచేది. ఒంటినిండా గోధుమరంగు ఈకలు, తల్లికంటే వెడల్పు రెక్కలు, ఆ గొంతు మాత్రం పసిపిల్లది. తల్లి గద్ద దానికి కనిపించేంత దూరంలో, ఎదురు రాయి మీద, చేప తెచ్చుకుని తనే తినేది. ఇవ్వదు, అలాగని ఎగిరిపోదు.

"రాతిగుండె," అన్నాడు ఐలిఫ్.

"పెట్టడం అందరికీ వచ్చు. మానడమే కష్టం," అంది ఓడ్నీ బైనాక్యులర్ దించకుండా. "ఇక ఎన్నాళ్లో పట్టదు. అది మొదటి చేప పట్టగానే నేను మూట సర్దుకుంటాను."

ఆ సాయంత్రం ఐలిఫ్ పడవను మామూలుకంటే నెమ్మదిగా నడిపాడు.

మర్నాడు తెల్లారగట్లే అతను రాతిదిబ్బ వెనక పక్కకు పడవ తిప్పి, ఒక మంచి కాడ్ చేపను రాయి మీదికి విసిరాడు. పాపం ఆకలితో ఉంది, దయ చూపిస్తున్నాను అని తనకు తాను చెప్పుకున్నాడు. మర్నాడూ దయ చూపించాడు. ఆ పైవారం అంతా అతని దయ పొంగి పొర్లింది. పిల్ల గద్ద వేట ఊసే మర్చిపోయింది, మెడ దగ్గర కాస్త ఒళ్లు కూడా చేసింది. ఓడ్నీ మూట సర్దుకోలేదు. లోకం సవ్యంగానే ఉంది.

ఒక్కటే పొరపాటు జరిగింది. ఆ తీరంలో చేపను కడుపు కోయకుండా, పేగులు తీయకుండా, కడగకుండా ఇంకొకరికి ఇవ్వడమంటే ఎంగిలి పెట్టినట్టే. ఐలిఫ్ చెయ్యి ఆ పని దానంతట అదే చేసేస్తుంది. గద్దకు పెట్టిన ప్రతి చేపనూ శుభ్రంగా బాగుచేసి, కడిగి మరీ పెట్టాడు.

ఆదివారం బోర్గిల్డ్ ఇంట్లో కాఫీ. ఓడ్నీ వచ్చింది, చేతిలో పాత పేపరు పొట్లం. మేకపాల జున్ను పక్కన బల్ల మీద విప్పింది. లోపల సగం తిన్న కాడ్ చేప.

"బోర్గిల్డ్ గారూ, ఇది దిబ్బ మీద దొరికింది. కాస్త చూసి చెప్పండి, దీన్ని చంపింది ఎవరంటారు?"

ఐలిఫ్ కాఫీ కప్పులో మొహం పెట్టేశాడు. బోర్గిల్డ్ కళ్లజోడు పెట్టుకుని, చేపను తిప్పి చూసి, కోత వెంట వేలు జరిపింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇది మావాడి కోతే కదమ్మా. ఎడమచేతి వాటం. ఎంత తిన్నగా ఉందో చూడు, లోపలి చేదుతిత్తి చిట్లకుండా. నేనే నేర్పాను, వాడికి ఆరేళ్లప్పుడు."

"అదే అనుకున్నా," అంది ఓడ్నీ. "గద్దకు కత్తెక్కడిదా అని బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను."

ఐలిఫ్ ఆకలి గురించి, దయ గురించి గొణిగాడు. ఓడ్నీ అరవలేదు. అరిచినా బాగుండేది.

"చలికాలంలో నీ పడవ రేవులోనే కట్టేసి ఉంటుంది. అది నీ పడవ వస్తుందని చూస్తూ ఆ రాయి మీదే ఎండిపోతుంది. దాన్ని దయ అంటావా?"

దయ కాదు, నువ్వు వెళ్లిపోతావని భయం అని చెప్పాలి. అది చెప్పడం కంటే మూర్ఖుడిగా మిగిలిపోవడం తేలిక. అందులో అతనికి బోలెడు అనుభవం ఉంది. మిగిలిపోయాడు.

మర్నాటి నుంచి ఓడ్నీ టపా పడవలో దిబ్బకు వెళ్లడం మొదలుపెట్టింది. టపా పడవ నడిపే శివెర్ట్‌కు అన్ని పళ్లూ ఉన్నాయి, అమ్మ కూడా వేరే ఊళ్లో ఉంటుంది.

ఆ ఉదయమే ఇంట్లో ఇంకో పిడుగు పడింది. రొట్టె పొట్లం లేదు. బోర్గిల్డ్ కిటికీ దగ్గర కూర్చుని, రొట్టె మీద జున్ను పరుచుకుని, కొడుకు కళ్లలోకి చూస్తూ తీరిగ్గా నములుతోంది. గద్దల సంగతులన్నీ ఓడ్నీ ఆవిడకు విడమరిచి చెప్పిందని ఐలిఫ్‌కు అప్పుడు అర్థమైంది.

"అమ్మా, నా రొట్టె?"

"కత్తి వాడటం నేర్పాను కదరా," అంది బోర్గిల్డ్. నమలడం ఆపలేదు.

ఖాళీ కడుపుతో సముద్రం మీదికి వెళ్లాడు. దిబ్బ దాటుతుండగా నెత్తిన నీడ పడింది. పిల్ల గద్ద వచ్చి పడవ గది కప్పు మీద దిగి, అతని వైపు నోరు తెరిచి అరవడం మొదలుపెట్టింది. రోజంతా అక్కడే ఉంది. సాయంత్రం రేవుకు కూడా అలాగే వచ్చింది. రేవులో పనులన్నీ ఆగిపోయాయి.

"పోలిక నీదే ఐలిఫ్," అన్నాడు శివెర్ట్. "ముఖ్యంగా ఆ గొంతు."

ఓడ్నీ అక్కడే ఉంది. నవ్వలేదు. అదే అతనికి గుచ్చుకుంది.

ఆ వారం ఐలిఫ్ బట్టలు సర్దుకుని పడవల కొట్టం పైగదికి మారాడు. ఆకలితో అరిచే ఇద్దరిలో ఎవడో ఒకడు ముందు నోరు మూయాలి కదా అనుకున్నాడు. తన రొట్టె తనే కోసుకున్నాడు. మొదటి రొట్టె ముక్క తలుపు కింద ఆపు పెట్టుకోవడానికి పనికొచ్చేంత మందంగా వచ్చింది. సముద్రం మీద ఆ ముక్కనే గద్ద ముందు కూర్చుని తిన్నాడు. అది అరిచింది. మొహం తిప్పుకున్నాడు. అరుస్తూనే ఉంది. ఇంత చిన్న పనికి ఇంత గుండె కావాలని అతను ఎరగడు. తన తల్లి కిటికీ దగ్గర అంత తీరిగ్గా ఎలా నమిలిందో అని మొదటిసారి ఆలోచించాడు.

అక్టోబరు చివర్లో ఒక రోజు గాలీవానా కలిసి విరుచుకుపడ్డాయి. టపా పడవ రేవు దాటలేదు. ఐలిఫ్ మాత్రం వేసిన వల తీసుకురావడానికి వెళ్లాడు. గద్ద కప్పు మీదికి రాలేదు. దిబ్బ పక్కన నీళ్ల మీద చక్కర్లు కొడుతోంది. కాళ్లు ముందుకు చాచి దూకింది. గురి తప్పింది. మొత్తంగా నీళ్లలో పడిపోయింది.

ఐలిఫ్ చెయ్యి కొక్కెం కర్ర మీదికి వెళ్లింది. ఒక్క నిమిషంలో చేరుకోగలడు. కర్రను పట్టుకుని, బిగించి, అక్కడే నిలబడ్డాడు. గద్ద రెక్కలనే తెడ్లు చేసుకుని కెరటాల మధ్య ఈదుతూ, మునుగుతూ ఒడ్డుకు పాకింది. తడిసిన గోనెసంచిలా రాయి మీద కూర్చుంది. ఒళ్లు విదిలించింది. మళ్లీ లేచింది. ఈసారి గోళ్లలో ఏదో తళుక్కుమంది.

పెద్ద చేపేం కాదు. ఐలిఫ్ అయితే తిరిగి నీళ్లలోకి విసిరేసేవాడు. అది మాత్రం తలతో సహా తిన్నది.

అతను వానలో అలాగే కూర్చున్నాడు. చూసినవాడు తను ఒక్కడే. నోరు మూసుకుంటే ఓడ్నీ ఇంకో వారం, అదృష్టం బాగుంటే రెండు వారాలు ఉంటుంది. జీవితంలో అతనికి చెప్పాల్సిన చోట నోరు మూసుకోవడం కంటే బాగా వచ్చిన విద్య లేదు. పడవను రేవు వైపు తిప్పాడు.

ఓడ్నీ దుకాణం మీది గదిలో ఉంటోంది. తలుపు తీసేసరికి ఎదురుగా నీళ్లోడుతూ ఐలిఫ్.

"పట్టింది," అన్నాడు. "నా కళ్లతో చూశాను."

ఆవిడ అతని మొహంలోకి పరిశీలనగా చూసింది.

"కడుపు కోసి ఉందా?"

"లేదు. పేగులతో సహా తినేసింది. చూడలేకపోయాను."

ఓడ్నీ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. "ఎవరూ చూడలేదుగా. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావు?"

ఐలిఫ్ మెట్ల మీద తన జోళ్ల కింద చేరుతున్న మడుగును చూశాడు. "ఆ చేపలు దాని ఆకలి చూసి పెట్టలేదు. అది నేర్చుకుంటే నువ్వు పోతావని పెట్టాను. ఇంకా పెడుతూ కూర్చుంటే నేనెప్పుడు నేర్చుకోవాలి?"

బయట వాన రేకుల మీద పడుతోంది.

"నాకు మొదటి చేపతోనే తెలుసు," అంది ఓడ్నీ. "ఎవరి పనో, ఎందుకో కూడా. ఒక వారం నేనూ నోరు మూసుకున్నాను. అందుకే ఆ రోజు నీ మీద అంత కోపం వచ్చింది." తలుపు ఇంకాస్త తెరిచింది. "ఇక ఇక్కడ నాకు పని లేదు ఐలిఫ్. ఉండమనాలంటే నువ్వే అడగాలి. గద్దతో అడిగించకు."

"ఉండు," అన్నాడు. ఆ ఒక్క మాట బయటికి రావడానికి వల లాగినంత ఊపిరి పట్టింది. "ఆదివారం రా. వాఫిల్స్ తినొచ్చు."

"మీ అమ్మ చేసేవా?"

"నేను చేసేవి."

"అయితే ఆలోచించుకోవాలి," అంది, తుడుచుకోమని తువాలు అందిస్తూ.

ఆదివారం పడవల కొట్టం పైగదిలో మొదటి వాఫిల్ అట్టు మాడింది. రెండోది పెనానికి అంటుకుపోయింది, గరిటెతో గీకితే సగం వచ్చింది. ఓడ్నీ ఆ సగాన్ని జామ్ కింద కప్పెట్టి, కళ్లు మూసుకుని తిన్నది. గద్దపిల్ల కూడా మొదటిసారి నీళ్లలో పడిందని గుర్తుచేసింది. పొగ పోవడానికి ఐలిఫ్ కిటికీ తెరిచాడు.

కింద, రేవుకు అవతలి రాయి మీద, బోర్గిల్డ్ కూర్చుని ఉంది. ఒళ్లో పళ్లెం, అంచు సందుల్లో బంగారు రంగు వాఫిల్స్. మొదట వాళ్ల కోసమే చేసి ఉంటుంది, పైన ఇంకో పళ్లెం బోర్లించి, గుడ్డతో కట్టి తెచ్చింది. కిటికీలోంచి వస్తున్న పొగను చూసింది. పొగలో కొడుకును, అతని భుజం పక్కన ఓడ్నీని చూసింది.

లేవలేదు, పిలవలేదు. గుడ్డ విప్పి ఒళ్లో పరుచుకుని, పై పళ్లెం పక్కన పెట్టి, వాళ్లకు కనిపించేలా, ఒక్కొక్కటే తనే తినడం మొదలుపెట్టింది.