నడక మార్చుకున్న అమ్మాయి

“నిన్న కుంటింది ఎడమకాలు. ఇవాళ కుడికాలు. ఏమండీ, రెండూ వంతులు వేసుకున్నాయా?”

ఊరగాయల కొట్టులో ముల్లంగి తూస్తున్న చిహో చేయి తక్కెడ మీదే ఆగిపోయింది. అడిగినవాడు గొడుగు మడుస్తూ నవ్వుతున్నాడు. పేరు ఇబుకి. హగి రేవులో వానలు మొదలైనప్పటి నుంచి, వారంగా రోజూ వస్తున్నాడు. ముల్లంగి మీద అంత ప్రేమ ఎవరికీ ఉండదని కొట్టు యజమానురాలు ఓత్సురు మామ్మ ఆటపట్టించేది. చిహో కూడా ఆ వేళకు గుమ్మం వైపు చూడటం అలవాటు చేసుకుంది.

ఆమె ఒసాకా నుంచి మాయమై మూడేళ్ళయింది. పెళ్ళాడబోయిన కుజే మొదట ఆమె ఫోను దాచాడు, తర్వాత ఉద్యోగం మాన్పించాడు, చివరికి తలుపుకు తాళం వేశాడు. ఆ కాలానికి జపానులో ప్రతి వీధి స్తంభం మీదా నడకను బట్టి మనిషిని పోల్చే యంత్రపు కన్ను ఉండేది. వేషం మార్చినా నడక పట్టిస్తుంది. అందుకే ఆమె చెప్పులో గులకరాయి వేసుకుని తిరిగేది.

చెప్పు కరుస్తోందని చిహో బొంకింది. ఇబుకి నవ్వు ఆపేశాడు.

“రాయి ఉందని తెలుసండీ. మాయమైనవాళ్ళను వెతకడమే నా పని.”

చెల్లెలు కనబడటం లేదని ఒకాయన తన ముందు ఏడ్చాడన్నాడు. మొదటి రోజే ఆమెను గుర్తుపట్టినా చెప్పబుద్ధి కాలేదట. ఇవాళ పొద్దున్న ఆ అన్న మీద జాలిపడి, ఆమె ఇక్కడ క్షేమంగా ఉందని కబురు పంపేశాడట.

“నాకు అన్నయ్య లేడు,” అంది చిహో.

ఇబుకి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ ఏడ్చినవాడు కుజేనే. రెండు గంటల రైలుకు దిగుతాడు. పడవలో దీవులకు దాటిస్తానని, అక్కడ ఆమె జాడ తనకు కూడా దొరకకుండా చేస్తానని ఇబుకి తడబడుతూ చెప్పాడు. చిహో లోపలికి పరుగెత్తి బట్టలు మూట కట్టింది. ముడి వేయబోతూ ఆగింది. ఇది నాలుగో ఊరు. అయిదో ఊళ్ళోనూ ఇలాగే ప్రతి అడుగు చప్పుడుకూ ఉలిక్కిపడాలి.

మూట వదిలేసి బయటికొచ్చింది. “పోలీసు ఠాణాకు వెళ్తాను. ఎవరు పంపారో, ఏమని పంపారో మీరొచ్చి చెబుతారా?”

“పని అప్పగించినవాళ్ళ గుట్టు చెబితే నా లైసెన్సు పోతుంది.”

“పోతుంది.”

అతను గొడుగు విప్పి ఆమె మీద పట్టాడు.

చిహో రాయి తీసి కాలవలోకి విసిరింది. ఆమె నడుస్తుంటే స్తంభాల మీది ఎర్రదీపాలు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. అయినా సొంత నడకే నడిచింది.

వాంగ్మూలం సగంలో ఉండగా, కొట్టు దగ్గర వాకబు చేసుకుని కుజే వచ్చాడు. ఆ పాత మెత్తని నవ్వే.

“ఎంత సన్నబడ్డావు! ఇంటికి పోదాం పద, చిహో.”

ఆమె కుర్చీ అంచు పట్టుకుని, పోలీసాయన వైపు చూస్తూ అంది: “ఈయన నా అన్న కాదు. నేను తప్పిపోలేదు. ఈయన్ని వదిలి వెళ్ళిపోయాను.”

అన్ననని కుజే సంతకం చేసిచ్చిన కాగితాన్ని ఇబుకి బల్ల మీద పెట్టాడు. పోలీసాయన దాన్ని రెండుసార్లు చదివి, కుజేను లోపలి గదిలో కూర్చోమన్నాడు. ఇక ఆమె దగ్గరికి రాకూడదని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

బయట వాన సన్నబడింది.

“మీ జాడ చెప్పిన నోరే ఇది,” అన్నాడు ఇబుకి. “నా ముఖం చూడబుద్ధి కాకపోతే ఇప్పుడే వెళ్ళిపోతాను.”

“కోపంగానే ఉంది. వారం రోజులు ఎందుకు దాచారు?”

“చెబితే మిమ్మల్ని తీసుకుపోతారు కదా. నాకు ముల్లంగి పడదు. ఒక్కరోజూ తినలేదు.”

నవ్వు రాకూడదనుకుంది చిహో. వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. అతను తాకలేదు, గొడుగు మాత్రం కదల్చకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“ఇంకెప్పుడూ నన్ను వెతకకండి,” అంది కళ్ళు తుడుచుకుని. “ఎక్కడికెళ్ళినా, మీకు నేనే చెప్పి వెళ్తాను.”