వ్రానా గుంత దగ్గర ఏడో లిల్లీ

గుంతల మ్యాపులు ఇనప్పెట్టెల్లో దాచుకున్న పెద్దమనుషుల్లారా, ఈ నేరం మీది. బోస్నియాలో తుపాకులు ఆగి పదమూడేళ్లయింది. సంతకాలు పెట్టారు, పతకాలు తగిలించుకున్నారు, పెన్షన్లు తింటున్నారు. శవాల్ని ఎక్కడ పారేశారో మాత్రం చెప్పలేదు. చెప్పినవాడు ఒక్కడే. వాడి నోరు మూయించడానికి విదేశీ ఆయుధాల ముఠాను కుదుర్చుకున్నారు.

ఉదయం ఆరింటికి ఏజెంట్ రజియా చౌషెవిచ్‌కు పై అధికారి నుంచి బ్రీఫింగ్ అందింది.

"వ్రానా గుంత. పదింటికి ప్రార్థన, తర్వాత తవ్వకం. బాంబు వస్తోంది, ఎవరు తెస్తున్నారో తెలీదు. 'వర్షం' అన్నానంటే అంతా రద్దు."

రద్దయితే గుంత పూడ్చేయాలని పైనుంచి ఆర్డరు సిద్ధంగా ఉంది. ఇప్పటికే రెండు సార్లు వాయిదా వేశారు. ఆ గుంతలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. అందులో ఒకడు రజియా అన్న జెమాల్.

ఆమె సైన్యానికి కాఫీ కాచే మనిషి వేషంలో వెళ్లింది. నెత్తికి రుమాలు, చేతిలో రాగి కాఫీ పాత్ర, దాని అడుగున పేలుడు మందును పసిగట్టే సెన్సర్.

యుద్ధంలో ఈ కొండ ఎవరి చేతికి వస్తే వాళ్లు తమ శత్రువుల్ని ఈ గుంతలోకే తోశారు. ఎముకలన్నీ కలిసిపోయాయి. ఏది ముస్లిందో, ఏది ఆర్థడాక్స్ సెర్బుదో, ఏది కాథలిక్ క్రొయాటుదో ఎముక చెప్పదు. అందుకే సైన్యంలోని ముగ్గురు మతగురువులూ ఒకే గట్టు మీద నిలబడ్డారు. ఇమాం నెదీమ్, కాథలిక్ ఫాదర్ ఆండ్యెల్కో, ఆర్థడాక్స్ ఫాదర్ గవ్రీలో. మ్యాపు ఇచ్చి గుంత ఎక్కడుందో చెప్పింది ఈ ఫాదర్ గవ్రీలోయే. పూజారి కాకముందు ఈ కొండంతా మందుపాతరలు పాతింది కూడా ఆయన చేతులే.

"ఒక కప్పు పొయ్యి, చెల్లీ" అన్నాడు గవ్రీలో.

"చెల్లీ అనకండి. అలా పిలిచే హక్కున్నవాడు ఆ గుంతలో ఉన్నాడు."

గవ్రీలో తల వంచుకున్నాడు. ఇమాం కల్పించుకున్నాడు. "ముందు కాఫీ పొయ్యమ్మా. తిట్లు చల్లారినా రుచి పోదు."

ఆమె ఇమాంకు పోసింది, ఆండ్యెల్కోకు పోసింది. గవ్రీలో కప్పు ఖాళీగానే ఉంది.

పది కావడానికి ఐదు నిమిషాల ముందు క్లారా వచ్చింది. నల్ల గౌను, నల్ల కళ్లద్దాలు, సినిమా తార నడక. ఏదో శాంతి సంఘానికి దుబాసీ. చాటుగా రజియా శాఖకు సమాచారం అందించే మనిషి. అందుకే గేటు దగ్గర ఎవరూ వెతకలేదు. చేతిలోని పూలకుండీని గట్టు మీద పెట్టింది. తెల్ల లిల్లీలు.

రజియా కాఫీ నెపంతో దగ్గరికెళ్లింది. సెన్సర్ పలకలేదు. ఆమె కళ్లు మాత్రం లెక్కపెట్టాయి. ఏడు.

ఆ దేశంలో పసిపిల్లకైనా తెలుసు. బతికున్నవాళ్లకు బేసి పూలు, పోయినవాళ్లకు సరి.

"నీది ఏ ఊరన్నావు, క్లారా?"

"ట్రావ్నికే కదా అక్కా. పుట్టిందీ పెరిగిందీ అక్కడే."

"మరి ఒక పువ్వు తీసెయ్."

"బాగానే ఉన్నాయిగా, ఉండనీ."

రజియా ఆమె మణికట్టు పట్టుకుని లిల్లీల మీదికి లాగింది. "తియ్యి."

క్లారా ముఖాన రంగు మిగిలింది, నెత్తురు మిగల్లేదు. "ముట్టుకోకు. కుండీలో వాసన రాకుండా మూసిన బాంబుంది, ఏడో కాడలో దాని టైమరు. పదింటికి."

సైనికులు క్లారాను పట్టుకున్నారు, ప్రార్థనకు వచ్చిన మృతుల బంధువుల్ని కొండ దించసాగారు. రజియా చెవిలోని బటన్‌లో పై అధికారి గొంతు మోగింది. "వర్షం. గుంత వదిలేసి వచ్చెయ్."

"నా దగ్గర గొడుగు లేదు." బటన్ పీకి కాఫీలో పడేసింది.

విసిరేద్దామంటే ఇటు గుంత, అటు దిగుతున్న జనం. గవ్రీలో కుండీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇమాం అడక్కుండానే కుండీని రెండు చేతులా కదలకుండా పట్టాడు. ఆండ్యెల్కో కొవ్వొత్తుల వత్తులు కత్తిరించే కత్తెర తీసిచ్చాడు.

"నువ్వెళ్లమ్మా" అన్నాడు గవ్రీలో.

"ఒకసారి మీ చేతులు ఏం చేస్తున్నాయో చూడకుండా చెడ్డాం. ఇవాళ చూస్తూ నిలబడతా."

గవ్రీలో కాడను నిలువునా చీల్చాడు. రెండు తీగలు. టైమరు మీద నాలుగు. మూడు. కత్తెర పడింది.

రెండు దగ్గర అంకె నిలిచిపోయింది.

ఇమాం ఊపిరి వదిలాడు. "ఇప్పుడు పూలు ఆరే. మొదలుపెడదామా?"

పది దాటి నిమిషానికి మూడు ప్రార్థనలూ ఒకే గట్టు మీద లేచాయి. జనం మళ్లీ కొండెక్కారు. సాయంత్రానికి ముప్పై ఒక్క మందీ వెలుగులోకి వచ్చారు.

రజియా కొత్తగా కాఫీ కాచి గవ్రీలో కప్పు నింపింది. "తాగండి. చల్లారితే మళ్లీ కాయను."

అయ్యా ఇనప్పెట్టెల పెద్దలూ! మందుపాతరలు పాతినవాడు తన మ్యాపు ఇచ్చాడు. పాతించిన మీరు కూడా తాళాలు తెరవండి. ఎన్ని గుంతలుంటే అన్ని మ్యాపులూ బల్లమీద పెట్టండి, ఇవాళే. కాఫీ మేం పోస్తాం. పూలు మాత్రం లెక్కపెట్టి పుచ్చుకుంటాం.