పసుపెక్కని ఉప్పు

సీసం కోటు వేసుకోకుండానే నరహరి ఆ పూట కూడా బయట మంచు మీద పని ముగించుకుని వచ్చాడు. కణగొడుగు విప్పి మూడు నెలలైంది. అంతకుముందు గురుగ్రహం నుంచి ఆవేశిత కణాలు దాని చందమామ యూరోపా మీద పగలూ రాత్రీ కురిసేవి. మంచును అణువణువుగా చెక్కేవి, పైనున్న కాస్త గాలినీ ఊడ్చుకుపోయేవి. ఇప్పుడు నరహరి కట్టిన అయస్కాంత గొడుగు వాటిని ఊరి మీద పడకుండా పక్కకు మళ్ళిస్తోంది. పదకొండేళ్ళ చాకిరీ అది. ఆ పదకొండేళ్ళూ ఆయన ఇంటిపట్టున ఉన్నది తక్కువ.

ఊరంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంటే, ఇంట్లో వాళ్ళమ్మ సీతారావమ్మ మాత్రం గోడ తడుముకుంటూ నడుస్తోంది. నెల రోజులుగా ఇదే వరస. అడిగితే మోకాళ్ళంటుంది. మనవరాలు హైమ పెళ్ళి ఇంకా పది రోజులే ఉంది, ఇప్పుడు వైద్యుడి మాట ఎత్తవద్దంటుంది. ఆవిడ మొండితనానికి ఆ ఇంట్లో ఎదురు లేదు.

అలాంటిది, ఆ రోజు ఆవిడే నరహరిని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

ఆ ఊళ్ళో పసుపు పండదు. మంచు కింది సముద్రపు ఉప్పును పళ్ళెంలో పోసి కిటికీ అవతల మూడు నెలలుంచితే, కణాల దెబ్బకు అదే పసుపు రంగు తిరుగుతుంది. పెళ్ళికూతురికి పెట్టే పసుపు అదే. లోపలి వెచ్చదనానికి నాలుగు రోజుల్లో మళ్ళీ తెల్లబడుతుంది కనుక దాచుకోవడం కుదరదు, ఏ పెళ్ళికి ఆ పెళ్ళికే చేయాలి. పెళ్ళినాటిదాకా ఇంటి పెద్దావిడ తప్ప దాన్ని ఎవరూ చూడకూడదు. రంగు ఎందుకొస్తుందో సీతారావమ్మకు పట్టదు. అత్తగారు చెప్పింది, తను చేస్తోంది. గొడుగు విప్పాక ఊళ్ళో ఇదే మొదటి పెళ్ళి.

ఆవిడ మీట నొక్కి పళ్ళేన్ని లోపలికి రప్పించింది.

"ఆనవాయితీ తప్పుతున్నాను. రంగు బాగా పట్టిందో లేదో నువ్వే చూసి చెప్పరా. నాకు తెల్లగానే కనిపిస్తోంది." పళ్ళేన్ని కొడుకు ముందుకు జరిపింది. "రంగులు పోతున్నాయిరా నాకు, ముందు పసుపే పోయినట్టుంది. చెబితే పెళ్ళి వాయిదా వేస్తారని నోరు మెదపలేదు. ముందే అలవాటవుతుందని కళ్ళు మూసుకుని నడవడం నేర్చుకుంటున్నాను."

నరహరి పళ్ళెం వంక చూశాడు. ఉప్పు మల్లెపువ్వులా ఉంది. ఏ కణం ఎటు మళ్ళుతుందో ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అమ్మ పళ్ళెం ఒక్కటే లెక్కలోకి రాలేదు. ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అది తెల్లగానే ఉందమ్మా. నీ కళ్ళకేం కాలేదు. నా గొడుగే కణాల్ని రానివ్వలేదు."

మళ్ళిన కణాల్లో కొన్ని గొడుగును మోసే స్తంభం అడుగున ఇంకా ధారగా పడుతున్నాయని, యంత్రం చేత పళ్ళెం అక్కడ పెట్టిస్తే వారంలో పసుపెక్కుతుందని చెప్పాడు. తిట్లు తప్పవనుకున్నాడు.

సీతారావమ్మ తిట్టలేదు. గోడ వదిలి గబగబా వచ్చి, కొడుకు తలను రెండు చేతులా పట్టుకుని వంచి, జుట్టులో వేళ్ళు పోనిచ్చింది.

"అయితే ఇది కూడా నా కళ్ళ తప్పు కాదన్నమాట," అంది. "ఎప్పుడు నెరిసిందిరా ఇంత?"