గారెట్ పేరున వచ్చిన కార్డు

అక్టోబరు రెండో శనివారం. ఓర్విల్ టాకెట్ అయిదింటికే లేచి పొయ్యి మీద పెనం పెట్టాడు. ఎనభై దగ్గర పడినా చేతికి వంట అలవాటు పోలేదు. ఇద్దరికి సరిపడా పిండి కలపడం మాత్రం ఇప్పటికీ చేత కాలేదు. అరవై మందికి వండిన చెయ్యి అది.

గాలికి పెరటి తలుపు తెరుచుకుంది. నాలుగు ఎండుటాకులు వంటింట్లోకి వచ్చి పడ్డాయి.

"గొళ్ళెం పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?" భార్య నేడిన్ చీపురు పట్టుకుని వచ్చింది. "తాళం ఎలాగూ పెట్టించవు. గొళ్ళానికి కూడా బద్ధకమేనా? దొంగ తలుపు తోసుకుని వచ్చి, కాఫీ తాగి మరీ పోతాడు."

"తాగనీ," అన్నాడు ఓర్విల్.

"పద్దెనిమిదేళ్ళ నుంచీ అదే మాట!"

ఓర్విల్ అట్టు తిరగేశాడు. కాలేజీ మైదానం వైపు నుంచి డప్పుల మోత మొదలైంది. కాలేజీలో చదివి వెళ్ళినవాళ్ళంతా ఏటా ఆ శనివారం ఊళ్ళోకి వస్తారు. ఆట చూస్తారు, చదువుకునేటప్పుడు తాము ఉన్న ఇళ్ళకు వెళ్ళి భోజనాలు చేస్తారు. నేడిన్ రేడియో గొంతు పెంచింది. ఏటా పెంచుతుంది. ఎందుకు పెంచిందని ఓర్విల్ ఏ ఏడూ అడగడు.

కాలేజీ వీధిలో రాతి ఇల్లని ఒకటి ఉంది. కాలేజీ కుర్రాళ్ళు కలిసి ఉండే సోదర సంఘం వాళ్ళది. అందులో ఓర్విల్ ఇరవై ఆరేళ్ళు వంటవాడు. కెంటకీ బొగ్గు కొండల్లో మూడో తరగతితో బడి మానేసినవాడు. ఆ ఇంటి కుర్రాళ్ళు జడ్జీలయ్యారు, డాక్టర్లయ్యారు. వాళ్ళు ఏం తింటారో ఏం తినరో ఒక్కొక్కరిదీ అతనికి గుర్తు. పెళ్ళయిన పదిహేనేళ్ళకు పుట్టిన కొడుకు గారెట్ అదే కాలేజీలో చేరాడు. అదే ఇంట్లో సభ్యత్వానికి ఎంపికయ్యాడు. ఆ రోజు ఓర్విల్ ఎవరూ అడగకుండానే అరవై మందికి ఆపిల్ పై చేసి పెట్టాడు. ఆరు వారాలకు గారెట్ పోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు.

ఎవరో వీధి తలుపు కొట్టారు.

గుమ్మంలో నలభై ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. మంచి కోటు వేసుకున్నాడు, దాని మీద రాతి ఇంటి బిళ్ళ ఉంది. ముఖం మారింది. అయినా ఓర్విల్ పోల్చుకున్నాడు. గుడ్డులో పచ్చసొన రాయిలా గట్టిపడేదాకా వేయించమనేవాడు.

"పాప్," అన్నాడు ఆ మనిషి. ఆ ఇంట్లో కుర్రాళ్ళు ఓర్విల్‌ని అలాగే పిలిచేవారు. "నేను..."

"క్లే రెనెకర్‌వి. తెలుసు."

నేడిన్ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆ పేరు ఆమెకూ తెలుసు. రాతి ఇంట్లో కొత్తగా చేరే ప్రతి కుర్రాడికీ పాతవాళ్ళలో ఒకడు అన్నగా కుదురుతాడు. గారెట్‌కి అన్న క్లే.

"లోపలికి రా. వంటింట్లోకే రా," అంది. "చలిలో నిలబెట్టి మాట్లాడే అలవాటు మాకు లేదు."

క్లే బల్ల దగ్గర కూర్చున్నాడు. కోటు లోపలి నుంచి ఒక పత్రిక తీశాడు. రాతి ఇంటివాళ్ళు తమ పాతవాళ్ళకు మూడు నెలలకోసారి పంపే పత్రిక. మనవాళ్ళు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని వెనక పేజీలో వేస్తారు. ఒక చోట వేలు పెట్టి ఓర్విల్ ముందుకు జరిపాడు.

ఓర్విల్ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదివాడు. "గారెట్... టాకెట్. డులూత్‌లో... వంతెనలు పరీక్షించే ఉద్యోగం. భార్య ఇలీన్. ఇద్దరు కూతుళ్ళు. చిన్నదానికి... ఈ మధ్యే పళ్ళు ఊడుతున్నాయి."

అతను కళ్ళజోడు తీసేశాడు. "ఏంట్రా ఇది? పోయినవాడితో కూడా మీకు పరాచికాలేనా?"

"మేం కాదు పాప్. ఒట్టు. ఎవరు రాశారో తెలుసుకుందామనే వచ్చాను. ఇన్నేళ్ళూ ఈ పత్రిక విప్పేవాణ్ణే కాదు. నెల క్రితం విప్పాను, అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

"నేనే రాశాను," అంది నేడిన్.

రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. ఆమె వెళ్ళి కట్టేసింది.

"వాడు పోయాక మర్యాద కోసమని వాడి పేరు సభ్యుల పుస్తకంలో ఎక్కించారుగా? పోయాడని మాత్రం పక్కన రాయలేదు. ఆ ఇల్లు నాలుగేళ్ళు మూసేసి మళ్ళీ తెరిచారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఏం తెలుసు? పుస్తకంలో ఉన్న పేర్లన్నిటికీ ఏటా కార్డులు పంపారు. 'సోదరా, చాలాకాలమైంది. ఎక్కడున్నావు?' అని." ఆమె నవ్వింది. చూడలేని నవ్వు. "ఏం రాయమంటావు? శ్మశానంలో, మూడో వరసలో అనా? మొదటి ఏడు చించి పారేశాను. రెండో ఏడు ఉద్యోగం ఇచ్చాను. తర్వాత పెళ్ళి చేశాను."

ఓర్విల్ ఆమెనే చూస్తున్నాడు. పెనం మీద అట్టు మాడుతోంది.

"వాడికి పెళ్ళి చేశావా?" అన్నాడు చివరికి. "నాకు చెప్పకుండా?"

"నువ్వు నాతో ఏం చెబుతావని?"

క్లే తల వంచుకున్నాడు. "మిసెస్ టాకెట్, నేను చాలాసార్లు ఉత్తరం రాద్దామనుకున్నాను..."

"అనుకున్నావు. నేను రాశాను! వాడు పోయిన నెలకి, ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి పేరుపేరునా నలభై ఒక్క ఉత్తరాలు రాశాను. మీ మీద కోపం లేదు, నా కొడుకు ఆఖరికి ఏమన్నాడో ఎవరైనా ఒక్కరు చెప్పండి అని. ఒక్కడంటే ఒక్కడు..."

"లాయర్లు మాట్లాడొద్దన్నారమ్మా."

"పద్దెనిమిదేళ్ళుగా వద్దంటూనే ఉన్నారా?" ఆమె పత్రిక మీద చేత్తో కొట్టింది. "నిజం రాస్తే ఎవ్వరూ రాలేదు. అబద్ధం రాస్తే వచ్చావు. వచ్చావు కాబట్టి చెప్పు. చెప్పి వెళ్ళు."

క్లే ఓర్విల్ వైపు చూశాడు. ఓర్విల్ పొయ్యి ఆపాడు.

"అన్న తమ్ముడికి ఒక విస్కీ సీసా ఇవ్వాలి. అది తెల్లారేలోపు ఖాళీ కావాలి. నాకూ మా అన్న ఇచ్చాడు, అది అక్కడి ఆచారం," అన్నాడు క్లే. "గారెట్ సగం దాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఇక నా వల్ల కాదన్నాడు. నేను తాగలేదా, నువ్వూ తాగాలి అన్నాను. నేనే అన్నాను. లేచి వంటింటి వైపు వెళ్ళాడు. 'నాన్న లోపలున్నాడు. కాసిని పాలిస్తాడు' అన్నాడు. తలుపు కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. తాళం వేసి ఉంది. మేమంతా నవ్వాం. అక్కడే కూలబడ్డాడు. నిద్రపోయాడనుకుని దుప్పటి కప్పాం."

"తాళం ఎవరు వేశారు?" అంది నేడిన్.

"నేనే," అన్నాడు ఓర్విల్.

అతను నిలబడే ఉన్నాడు. మాటలు ఒక్కొక్కటే మోసుకొచ్చి బల్ల మీద పెడుతున్నట్టు చెప్పాడు.

"ఏటా ఆ సీసాల రోజు ఆరింటికే నన్ను వెళ్ళిపొమ్మంటారు. ఒకప్పుడు ఒకడు తాగి పొయ్యి వెలిగించి చెయ్యి కాల్చుకున్నాడు. అప్పట్నుంచీ వంటింటికి తాళం. ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళు మర్నాడు పొద్దున్నే వెళ్ళి నేల కడిగినవాణ్ణి. ఆ సాయంత్రం మొక్కజొన్న రొట్టె పాలలో నలిపి పెట్టాను వాడికి. కడుపులో ఏమైనా ఉంటే తట్టుకుంటాడని. వాళ్ళ పిల్లలు తట్టుకున్నారు కదా, మనవాడూ తట్టుకుంటాడనుకున్నాను. ఒక్క రోజు ఓర్చుకుంటే జన్మంతా వాళ్ళల్లో ఒకడైపోతాడనుకున్నాను. తాళం వేశాను. ఇంటికొచ్చి పడుకున్నాను."

నేడిన్ అతని చెంప మీద కొట్టింది. ఎక్కువ గట్టిగా ఏం కాదు. పెరటి తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది.

చాలాసేపు రాలేదు. మైదానంలో జనం అరుస్తున్నారు. ఇద్దరు మగవాళ్ళూ మాడిన అట్టు వాసనలో కూర్చున్నారు.

ఆమె వచ్చేసరికి చేతులు చలికి ఎర్రబడి ఉన్నాయి. తిన్నగా ఓర్విల్ దగ్గరికి వచ్చి, అతని పంట్లాం జేబులో చెయ్యి పెట్టి ఒక ఇత్తడి తాళంచెవి తీసి బల్ల మీద వేసింది.

"బట్టలు ఉతికిన ప్రతిసారీ ఇది నా చేతికి తగిలింది. ఈ ఇంట్లో దీనికి తగిన తాళం లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఎందుకు మోస్తున్నాడా అనుకున్నాను. అడిగితే ఏం చెబుతావోనని భయపడి అడగలేదు." ఆమె తాళంచెవిని అతని ముందుకు జరిపింది. "అడగాల్సింది."

తర్వాత క్లే వైపు తిరిగింది.

"మధ్యాహ్నం అక్కడ భోజనాలున్నాయిగా. ఇప్పుడున్న పిల్లలూ ఉంటారు. లేచి నిలబడి నాకు చెప్పిందంతా వాళ్ళకి చెప్పు. వాడి పేరు పక్కన పోయాడని రాయమను. ఎలా పోయాడో కూడా రాయమను."

క్లే కోటు మీది బిళ్ళ తడుముకున్నాడు. "వాళ్ళు నన్ను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు."

"మా గుమ్మం ఉంది."

అతను తల ఊపాడు. లేవడానికి చాలా సమయం పట్టింది.

"తాళం సంగతి కూడా చెప్పు," అన్నాడు ఓర్విల్. "నా పేరు వదిలెయ్యకు."

కారు వెళ్ళిపోయాక గాలి మళ్ళీ పెరటి తలుపు తోసింది. ఓర్విల్ లేచి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"వద్దు," అంది నేడిన్. "ఉండనీ."

అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కన. పత్రిక దగ్గరికి లాక్కుని, వెనక పేజీలో ఆ నాలుగు వరసల మీద వేలు పెట్టాడు.

"పళ్ళు ఊడుతున్నదాని పేరు?"

"కార్డులో చోటు చాలలేదు, రాయలేదు."

"ఏం పెట్టావు?"

"మీ అమ్మ పేరే," అంది నేడిన్.

ఓర్విల్ వేలు ఆ వరస మీదే ఉండిపోయింది. అతని భుజాలు కదలడం మొదలైంది. కొడుకును పూడ్చిన రోజున కూడా ఏడవని మనిషి. నేడిన్ చల్లటి చెయ్యి తీసి అతని వీపు మీద పెట్టింది.